పదిహేనో నంబరు ఎదురుగా నాలుగు గీతలు

మా చిన్నాయన పోయాడు. మొన్న బుధవారం పొద్దున ఆసుపత్రి వార్డు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది ఒక మలయాళీ నర్సు. మణికట్టుకు కట్టిన పట్టీ చూసి చదువుతోంది కాబోలు, ఇంటిపేరుతో సహా ఆయన పేరు ముక్కలు ముక్కలుగా పలికి, "మీ మనిషేనా?" అని హిందీలో అడిగింది. మా మనిషే అన్నాను. అప్పుడు నేను ఇక్కడ కువైట్‌లో, ఎగైలాలో పనిచేసే ఇంట్లో, బియ్యం కడుగుతున్నాను. పొయ్యి కట్టేసి, గోడకు ఆనుకుని, గోవిందా అనుకున్నాను. ఏడుపు వెంటనే రాలేదు. మొదట వచ్చింది భయమే. ఆ పేరు ఫోనులో ఎవరైనా గట్టిగా పలికితే భయపడటం రెండేళ్ళుగా మాకు అలవాటైపోయింది.

ఆయన గురించి నాలుగు మాటలు రాయమని ఇక్కడి మనవాళ్ళు అడిగారు. అబూ హలీఫాలో ఆయన్ని ఎరిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. బాస్కెట్‌బాల్ పెద్దాయన అంటే గుర్తుపడతారు. ఆయన పొడుగు మనిషి కాదు. ఒక్కరోజు కూడా ఆడలేదు. ఆడేవాళ్ళు ఏం చేశారో రాసిపెట్టేవాడు, అంతే. నాకు రాత అలవాటు లేదు. మా నాన్న పిల్లల్లో పెద్దదాన్ని కాబట్టి రాస్తున్నాను. ఒక శుక్రవారం పొద్దున దగ్గర మొదలుపెట్టి, ఆ సాయంత్రం దగ్గర ఆపుతాను. ఆ తర్వాత ఆసుపత్రిలో గడిచిన మూడు వారాలూ డాక్టర్లవి, దేవుడివి. వాటి గురించి నాకు చెప్పడం రాదు.

ఆ శుక్రవారం నాకు సెలవు. ఆరుంపావుకు బస్సెక్కాను. అబూ హలీఫాలో దిగి బేకరీలో ఆరు ఖుబ్బూస్ రొట్టెలు కొన్నాను. కాగితంలో చుట్టి ఇచ్చినా చేతులు కాలాయి. సముద్రం మీంచి తడి గాలి ఉక్కగా కొడుతోంది. మా తమ్ముడి ఫ్లాటు నాలుగో అంతస్తులో. లిఫ్టులో ఎవరైనా ఉంటే నేను ఎక్కను. ఆ రోజు ఎవరూ లేరు. పైకెళ్ళి తలుపు రెండుసార్లు కొట్టి, ఆగి, మళ్ళీ ఒకసారి కొట్టాను. మా ఇంటి మనుషులు అలాగే కొట్టాలి. బెల్లు మాలో ఎవరమూ నొక్కం. బెల్లు మోగిందంటే బయటివాళ్ళని అర్థం.

తలుపు చిన్నాయనే తీశాడు. అప్పటికే స్నానం చేసి నామం పెట్టుకున్నాడు. చెవి వెనక పెన్సిలు ఉంది.

"కింద ఎవరన్నా ఉండారా పెద్దపాపా?"

"ఎవురూ లేరు చిన్నాయనా. పిల్లులు ఉండాయి."

"పిల్లులు బతాకా అడగవులే," అని నవ్వాడు.

నాకు యాభై నాలుగేళ్ళు. ఆయనకు నేను ఆఖరిదాకా పెద్దపాపనే. బతాకా అంటే ఈ దేశంలో ప్రతి మనిషి జేబులోనూ ఉండాల్సిన గుర్తింపు కార్డు. చిన్నాయన కార్డుకు గడువు తీరి రెండేళ్ళయింది.

నలభై ఏళ్ళకు పైగా ఇక్కడ పనిచేసిన మనిషి. వయసైపోయిందని క్లబ్బువాళ్ళు పని చాలించమన్నాక, ఒక చిన్న దుకాణం కింద ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిటు, పెట్టుకున్నాడు. ఆయనకు పూచీ ఉన్న ఆ దుకాణం యజమాని, కఫీల్, కాలం చేశాడు. దుకాణం మూతపడింది, కాగితాలు ఆగిపోయాయి. అరవై దాటిన పనివాడికి కొత్త కఫీల్ దొరకడం ఎంత కష్టమో ఇక్కడున్నవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. ఊరికి పంపిద్దామంటే చిన్నమ్మ పోయింది, పిల్లలు లేరు, ఆయనకు మిగిలిన మేమంతా ఇక్కడే ఉన్నాం. ఈ నెల చూద్దాం, వచ్చే నెల చూద్దాం అనుకుంటూ రెండేళ్ళు చూశాం. తప్పు మాదే. చిన్నాయన మా తమ్ముడి ఇంట్లో దాక్కుని బతికాడు. ఈ మాట కాగితం మీద పెట్టడం నాకు ఇదే మొదలు. అడిగే హక్కున్నవాళ్ళకు ఇదివరకే చెప్పేశాం కాబట్టి మీకూ చెబుతున్నాను.

మరదలు వంటింట్లో ఉగ్గానికి తాలింపు పెడుతోంది. తమ్ముడు ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. శుక్రవారాలు తొమ్మిది దాకా లేవడు. పక్క గదిలో అద్దెకుండే కోనసీమాయన బాల్కనీలో నిలబడి ఇంటికి వీడియో కాల్ మాట్లాడుతున్నాడు. చిన్నాయన బీరువా తలుపు తీసి, లోపలివైపు అంటించిన పెద్ద కాగితం ముందు నిలబడ్డాడు.

అది మా ఇంటి స్కోరు షీటు. నాలుగేళ్ళ కిందట, ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, సరదాకు మొదలుపెట్టాడు. వెనకటి రోజుల్లో ఆటగాళ్ళ చొక్కాల మీద అంకెలు నాలుగుతో మొదలై పదిహేనుతో ఆగేవట. అందుకని నాకు నాలుగు, తమ్ముడికి ఐదు, మరదలికి ఆరు, కోనసీమాయనకు ఏడు ఇచ్చి, తనకు ఆఖరిదైన పదిహేను పెట్టుకున్నాడు. వండినవాళ్ళకు పాయింట్లు. ఒకరు వదిలేసిన పని ఇంకొకరు అందుకుని చేస్తే రీబౌండు. చేసేవాళ్ళకు చెయ్యందిస్తే అసిస్టు. తప్పుచేస్తే ఫౌలు. ఫౌలు రాసినప్పుడల్లా, ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు వేసిన అట్టముక్కల్లో సరైనదాన్ని తీసి, అందరికీ కనపడేలా పైకెత్తేవాడు. ఐదో ఫౌలు పడితే ఆట నుంచి బయటికే. మా ఇంట్లో బయటికి అంటే, ఆ వారం పాత్రలు తోమాలి.

ఆ పొద్దున మరదలి వరసలో గీత గీసి, రెండో నంబరు అట్ట ఎత్తాడు.

"నాకెందుకు ఫౌలు చిన్నమామా? ఉప్పెక్కువైందా?" అని వంటింట్లోంచి అరిచింది.

"ఉప్పుకి కాదు. నిన్న మొగుణ్ణి గాడిద అన్యావు."

"గాడిదని గాడిద అంటే గూడా ఫౌలేనా!"

"అంటే కాదు. బయటోళ్ళ ముందర అంటే ఫౌలు."

"నేను బయటోణ్ణేంటండి పెద్దాయనా, అద్దె కట్టట్లేదేంటి!" అన్నాడు బాల్కనీలోంచి కోనసీమాయన.

అందరం నవ్వుతున్నాం. బెల్లు మోగింది.

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. చిన్నాయన చేతిలో అట్టను బల్ల మీద చప్పుడు కాకుండా పెట్టి, చెప్పులు చేత్తో తీసుకుని, స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. లైటు వెయ్యలేదు. మరదలు పొయ్యి సన్నం చేసింది. నేను లోపలే జపం మొదలుపెట్టాను. కోనసీమాయన వెళ్ళి తలుపు తీశాడు. నీళ్ళ డబ్బాలు వేసే మనిషి. రెండు డబ్బాలు లోపల పెట్టి, ఖాళీవి తీసుకుని వెళ్ళిపోయాడు. నిమిషం కూడా పట్టలేదు. చిన్నాయన బయటికొచ్చి చెప్పులు వేసుకుని, "యాడున్నాం మనం?" అని మళ్ళీ పెన్సిలు తీశాడు. రెండేళ్ళలో ఇలా ఎన్నిసార్లు జరిగిందో. ఆ చీకటి గదిలో నిలబడి ఏమనుకునేవాడో నేను ఒక్కసారీ అడగలేదు.

అప్పుడే చూశాను. పదిహేనో నంబరు ఎదురుగా, ఫౌళ్ళ గడిలో మూడు గీతలున్నాయి.

"నువ్వేం తప్పు చేసినావు చిన్నాయనా?"

"ముసిలోణ్ణి గదా. ఏదో ఒగటి చేస్తా ఉంటా," అని బీరువా మూసేశాడు. ఆయన వరసలో ఫౌలు నేనెప్పుడూ చూసి ఎరగను. కానీ అప్పటికి ఊరుకున్నాను.

ఇక్కడ కాసేపు ఆయన పని గురించి చెప్పాలి. చిన్నాయన చదివింది ఐదో తరగతి. రాజంపేట పక్క పల్లె నుంచి పడుచు వయసులో వచ్చి, ఒక ఆటల క్లబ్బులో నేల తుడిచే పనికి కుదిరాడు. బాస్కెట్‌బాల్ ఆడేటప్పుడు చెమట చుక్కలు చెక్కనేల మీద పడతాయి. వాటి మీద కాలుపడితే ఆటగాడు జారి పడతాడు. బంతి అటు పోయినప్పుడు ఇటు తుడవాలి, తిరిగొచ్చేలోగా తప్పుకోవాలి. అలా కొన్నేళ్ళు నేల అంచున కూర్చుని ఆటంతా నేర్చుకున్నాడు. ఒకరోజు స్కోరు రాసే మనిషి రాలేదు. "నీకు అంకెలు వచ్చా?" అని అడిగి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పని చాలించేదాకా ఆ బల్ల ఆయనదే.

పెన్సిలు బ్లేడుతో చెక్కుకునేవాడు. రబ్బరు ముట్టేవాడు కాదు. తప్పు పడితే దాని మీద గీత కొట్టి పక్కన రాయాలి, కొట్టేసింది కూడా కనపడాలి అనేవాడు. "పెన్సిలు పట్టినోడికి జట్టు ఉండగూడదు" అనేవాడు. నాకు ఇష్టమైన మాట ఇంకొకటి ఉంది. "బంతి ఏసినోణ్ణి హాలంతా చూస్తాది పెద్దపాపా. అందిచ్చినోణ్ణి ఈ కాయితం ఒగటే చూస్తాది." నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో, రోజంతా వంట చేసి, ఎవరూ పేరు పెట్టి పిలవని ఇంట్లో గిన్నెలు సర్దుకునేటప్పుడు ఈ మాటే నాకు ఆసరా.

ఆయన దగ్గర ఒక పాత షీటు ఉండేది. పలచని గులాబీరంగు కాగితం మీద కార్బన్ నకలు. డబ్బు తీసుకుని ఆడే పేరున్న జట్టు ఒకటి బయటి దేశం నుంచి వచ్చి, వాళ్ళ క్లబ్బుతో ఆడిన ఆటది. తేదీ చెరిగిపోయింది. యుద్ధం వచ్చి ఎడారి దాటి ఊరికి పారిపోయినప్పుడు పెట్టె పోగొట్టుకున్నాడు గానీ, ఈ కాగితం చొక్కా లోపల దాచుకుని తెచ్చాడు. నేను స్తోత్రం చదివినట్టు ఆయన ఆ వరసలు చదివేవాడు. ఎవరెన్ని వేశారు, వెయ్యబోయి ఎన్ని తప్పారు, ఎన్ని ఫ్రీ త్రోలు, ఎన్ని రీబౌండ్లు, ఎన్ని అసిస్టులు, ఎన్ని ఫౌళ్ళు. అడుగున రెండు జట్ల మొత్తాలు. క్లబ్బు ఒక్క పాయింటుతో గెలిచింది.

"మా క్లబ్బు పదో నంబరుని చూడు. ముప్పై ఒగటి కొట్టినాడు. నాలుగు ఫౌళ్ళు. హాలంతా ఈయప్ప పేరే. ఇప్పుడు పదమూడుని చూడు. రెండే రెండు పాయింట్లు. అసిస్టులు పదకొండు. ఈ మనిషి లేకపోతే పదో నంబరు యాడ?"

నాకు ఆట తెలియదు. అయినా ఆ అంకెల్లో మనుషులు కనపడేవాళ్ళు. ఎగబడేవాడు, ఓపిక పట్టేవాడు, ఒకసారి తప్పాక మళ్ళీ బంతి అడగనివాడు. చిన్నాయన చెబుతుంటే పరుగుల చప్పుడు కూడా వినిపించేది. ఆ గెలుపంటే ఆయనకు గర్వం అనుకునేవాళ్ళం. అందుకే దాచుకున్నాడని ఆ శుక్రవారం సాయంత్రం దాకా అనుకున్నాం.

మధ్యాహ్నం భోజనం అయింది. చెయ్యి కడుక్కోడానికి లేచిన చిన్నాయన గోడ దగ్గర ఆగిపోయాడు. అరచెయ్యి గోడకు ఆన్చి, తల వంచుకుని నిలబడ్డాడు. ఏసీ చల్లగా ఉంది. ఆయన మెడ మీద చెమట ధారగా కారుతోంది. తీస్తున్న కంచాలు నేను కింద పెట్టేశాను. కొంతసేపటికి ఊపిరి సర్దుకుంది. నడిచి వెళ్ళి బీరువా తెరిచి, చెవి వెనక పెన్సిలు తీసి, తన వరసలో నాలుగో గీత గీశాడు.

నేను బీరువా దగ్గరికి వెళ్ళాను.

"ఏంది చిన్నాయనా అది?"

"ఫౌలు."

"ఎవురిది?"

గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "దీనిది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నెలయిండాది."

"నెల నుంచి గీస్తాండావు, ఒగసారన్నా అట్ట ఎత్తలేదే! మా అందరికీ ఎత్తినావే!"

"ఎత్తితే మీరు ఆసుపత్రి అంటారు. ఆసుపత్రోళ్ళు బతాకా అంటారు. బతాకా లేదంటే ఇన్నాళ్ళు యాడుండావు అంటారు. పిల్లోని పేరు చెప్పల్ల."

పిల్లోడంటే మా తమ్ముడు. ఫ్లాటు వాడి పేరు మీద ఉంది. కాగితాలు లేని మనిషిని ఇంట్లో పెట్టుకున్నందుకు వాడు జవాబు చెప్పుకోవాలి. వేలిముద్రలు తీసి విమానం ఎక్కిస్తే మొగుడూ పెళ్ళాం మళ్ళీ ఈ దేశంలో అడుగుపెట్టలేరు. నేను పనిచేసే ఇంటి ఇల్లాలిని మేము మామా అంటాం. మంచి మనిషే. కానీ నా పేరు ఒక కేసులో వినపడితే, ఖలాస్, నీ పని అయిపోయింది అనడానికి ఆమెకు ఒక్క మాట చాలు. ఇవన్నీ నా బుర్రలో ఒక్కసారిగా తిరిగాయి. వాటన్నిటి పైన ఆ నాలుగు గీతలున్నాయి.

తమ్ముణ్ణి పిలిచి చెప్పాను. వాడు వచ్చి చిన్నాయన ముందు కింద కూర్చున్నాడు. దారి చూపించింది కోనసీమాయన.

"దీనికింత ఆలోచనేంటండి. నా బతాకా ఉంది కదా, తీస్కెళ్ళండి. ఇద్దరిదీ బట్టతలే, ఇద్దరికీ మీసం తెల్లబడింది. డాక్టరుగారు గుండె చూస్తారు గానీ మొహం చూడరండీ," అన్నాడు.

తమ్ముడు కార్డు తీసుకుని చిన్నాయన ముఖం పక్కన పెట్టి చూశాడు. పోలిక ఉందంది మరదలు. నేనూ ఉందన్నాను. ఈ మాట నేను దాచకూడదు. అది తప్పని నాకు తోచలేదు. దేవుడు చూపించిన దారి అనుకున్నాను. పటం ముందు దీపం వెలిగించి దండం కూడా పెట్టుకున్నాను.

కోనసీమాయన పేరు, ఆయన తండ్రి పేరు, పుట్టిన తేదీ చిన్నాయనకు నేర్పించడం మొదలుపెట్టాం. తమ్ముడు అడిగేవాడు.

"పేరు?"

చిన్నాయన తన పేరే చెప్పాడు.

"కాదు చిన్నాయనా. కార్డులో పేరు. మళ్ళా చెప్పు. పేరు?"

మళ్ళీ తన పేరే వచ్చింది. మూడోసారి సరిగ్గా చెప్పాడు. నాలుగోసారి సగంలో ఆగి మమ్మల్నందరినీ చూశాడు. పొద్దు వాలుతోంది. ఎదుటి భవనం అద్దాల మీది ఎండ హాల్లో పడుతోంది.

"ఒగ మాట అడుగుతా," అన్నాడు. "ఈ కార్డుతో లోపలికి పోయి, నేను పోతే? ఎవురు పోయినట్టు?"

"నేనే పోయినట్టండి," అని కోనసీమాయన నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన నవ్వు కూడా నెమ్మదిగా సన్నగిల్లింది. "మా ఆవిడకి ఫోనెళ్తదండి," అన్నాడు, తనలో తను చెప్పుకుంటున్నట్టు. "పొద్దున్నే మాట్లాడేనండి దాంతో."

చిన్నాయన లేచి పాత షీటు తెచ్చాడు. నేల మీద పరిచి, పదమూడో నంబరు వరసలో మూడో ఫౌలు మీద వేలు పెట్టాడు.

"ఇది ఈయనది కాదు," అన్నాడు.

మాకు అర్థం కాలేదు. ఆయన నెమ్మదిగా, ఊపిరి అందుకుంటూ చెప్పాడు.

"ఆట అయిపోవస్తాంది. పదో నంబరుకి అప్పటికే నాలుగు. ఐదోది కొట్టినాడు. రెఫరీ రెండు చేతులూ తెరిచి పది చూపిచ్చినాడు, నేను నా కండ్లతో చూసినా. రాయబోతాంటే క్లబ్బు మేనేజరు నా భుజం మీద చెయ్యేసినాడు. 'పదమూడుకి రాయి, యల్లా, తొందరగా' అన్యాడు. నా ఇఖామా మీద సంతకం చేసేది ఆ చెయ్యే. రాసినా. ఐదో అట్ట ఎత్తాల్సినోణ్ణి మూడోది ఎత్తినా. ఆ గోలలో ఎవురూ చూళ్ళా. పదో నంబరు ఉండిపోయి ఆఖరి బంతి ఏసినాడు. గెలిచినారు."

"ఆ పదమూడాయన?" అంది మరదలు.

"ఆట అయినాక బల్ల కాడికొచ్చినాడు. షీటు తిప్పుకుని చూసుకున్యాడు. అరిసినా బాగుండు. 'హాదా మూ మాలి' అన్యాడు. ఇది నాది కాదు అని. తువ్వాలు భుజానేసుకుని పోయినాడు. కొట్టేసి పక్కన రాద్దామంటే పైకాగితం మేనేజరు తీసకపోయినాడు. నా కాడ ఈ నకలు మిగిలింది. మీరంతా గెలిచిన కాయితం అని మెచ్చుకుంటాంటే ఏం చెప్పల్ల నేను?"

చిన్నాయన షీటు మడిచాడు. ఆయనే మళ్ళీ అన్నాడు. "ఒగసారి భయపడి ఒగరిది ఇంగొకరికి రాసినా. పోయేటప్పుడు గూడా నన్ను అట్లే రాయిస్తారా? ఇంట్లోనే పడుకుంటా. లేదంటే నా పేరుతో పోతా. ఆ కార్డుతో పోను."

మా తమ్ముడు నా వైపు చూశాడు. చిన్నాయన కూడా. పెద్దదానికి ఆ సమయంలో ఏం చెప్పాలో తెలిసుండాలి. నాకు దేవుడి పేరు కూడా గుర్తుకు రాలేదు. మామా ముఖం, విమానాశ్రయం, తమ్ముడి చేతికి సంకెళ్ళు, ఇవే కనపడుతున్నాయి. ఆయన్ని ఇంట్లోనే పడుకోబెడదాం, తగ్గిపోతుందేమో అనాలని నాలుక చివర దాకా వచ్చింది. ఆ మాట అన్నుంటే మా ఇంట్లో అందరికీ కాస్త ఊపిరాడేది. ఒక్క మనిషికి తప్ప.

"ఆయన పేరుతోనే పోదాం. ఇప్పుడే పోదాం," అన్నాను.

"నాకేమైతాదో తెలుసా అక్కా?"

"తెలుసు."

"తెలిసే చెప్తాండావా?"

"తెలిసే చెప్తాండా. నాకూ భయంగా ఉండాది రా."

వాడు లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. వాడి వీపు కదలడం అద్దంలోంచి కనపడుతోంది. మరదలు కార్డు తీసుకుని కోనసీమాయన చొక్కా జేబులో పెట్టి, "మీది మీ కాడే ఉండనీ అన్నా," అంది. ఆయన జేబు మీద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడ్డాడు.

తమ్ముడు లోపలికి వచ్చాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "యాడుండేవాడు అని అడిగితే ఎవురూ ఏం చెప్పబాకండి," అన్నాడు. "నేను చెప్తా. మా ఇంట్లో ఉండాడు, మా చిన్నాయన అని చెప్తా."

ఆ సాయంత్రం మేము అనుకున్నది ఇది. టాక్సీ పిలవాలి. చిన్నాయన్ని సొంత పేరుతో చేర్పించాలి. గడువు తీరిన ఆయన బతాకానే చూపించాలి. అబద్ధం ఎవరూ ఆడకూడదు. రాత్రికి ఆయన దగ్గర నేను ఉండాలి. మామాకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అడిగినప్పుడు సంతకం తమ్ముడు పెట్టాలి. ఆ సంతకం ఏమవుతుందో ఇది రాస్తున్న రోజుకూ మాకు తెలియదు. వచ్చే వారం వాణ్ణి మళ్ళీ రమ్మన్నారు.

మరదలు ఉతికిన చొక్కా తెచ్చి ఆయనకు తొడిగింది. తమ్ముడు టాక్సీకి ఫోన్ చేస్తున్నాడు. "తల చెదిరిండాది పెద్దపాపా, బయటోళ్ళు చూస్తారు," అన్నాడు చిన్నాయన. రెండేళ్ళ తర్వాత ఆయన బయటివాళ్ళకు కనపడబోతున్నాడు. నేను దువ్వెన తీసుకుని ఆయన ముందు నిలబడ్డాను. మిగిలిన ఆ నాలుగు తెల్ల వెంట్రుకల్లో పాపిట తియ్యబోతే రెండుసార్లూ వంకర పోయింది. ఆయన నా ముఖం చూశాడు. కళ్ళు మూసుకుని, నా చేతికి అనువుగా తల కొంచెం వంచి, కదలకుండా పట్టుకున్నాడు.